లండన్ ట్రిప్పు బట్టలకు లక్షా పదివేలా? ఆ ఆర్‌డీ జోలికి మాత్రం వెళ్లకండి

ప్రశ్న: మేం కూకట్‌పల్లిలో ఉంటాం. ఇద్దరం ఉద్యోగస్తులం, నెలకు లక్షా పదిహేను వేలు చేతికొస్తాయి. సెప్టెంబరు చివర్లో తొమ్మిది రోజులు లండన్‌లో మా తమ్ముడి దగ్గరికి వెళ్తున్నాం, వాళ్లు ఈస్ట్ హామ్‌లో ఉంటారు. బాబుని అమ్మ దగ్గర వదిలి వెళ్తాం. టికెట్లు, వీసా డబ్బులు కట్టేశాం. బట్టల లిస్టు రాస్తే మాత్రం 1,10,000 తేలింది. నాకు ఉన్ని కోటు 18,000, మా ఆయనకి బ్లేజర్ 16,000, ఇద్దరికీ లెదర్ బూట్లు 19,000, థర్మల్స్ 8,000, జీన్సు, టాపులు, డ్రెస్సులు 31,000, పెద్ద సూట్‌కేసు 18,000. దీన్ని క్రెడిట్ కార్డులో 12 నెలల ఈఎంఐ పెట్టాలా, బాబు స్కూలు ఫీజు కోసం నెలకు 5,000 చొప్పున ఏడాదిన్నరగా బ్యాంకులో కడుతున్న రికరింగ్ డిపాజిట్, అదే ఆర్‌డీ బ్రేక్ చేయాలా, లేక అక్కడే కొంటే ఎయిర్‌పోర్టులో పన్ను వెనక్కి ఇస్తారంటున్నారు కదా, అలా చేయాలా? మొదటి ఫారిన్ ట్రిప్పు, ఫొటోల్లో బాగుండాలి. తమ్ముడి ఆఫీసు వాళ్లతో ఒక డిన్నర్ కూడా ఉంది.

జవాబు: మూడూ వద్దు. డబ్బు ఎక్కడి నుంచి తేవాలని అడిగారు గానీ, అసలు ఆ లిస్టే సగానికి పైగా తప్పు. లండన్ అనగానే అందరికీ మంచు కురుస్తున్న డిసెంబరు ఫొటోలు గుర్తొస్తాయి, మీ లిస్టు వాటిని చూసి రాసినట్టుంది. సెప్టెంబరు చివర్లో అక్కడ పగలు 18, 19 డిగ్రీలు ఉంటుంది, రాత్రికి 11, 12కి దిగుతుంది. మన దగ్గర డిసెంబరులో తెల్లవారుజామున బండి మీద వెళ్తే ఎంత చలేస్తుందో దాదాపు అంతే. అసలు ఇబ్బంది పెట్టేది చలి కాదు, గాలి, మధ్యమధ్యలో వచ్చిపోయే తుంపర. ఈ వాతావరణంలో ఉన్ని కోటు వేసుకుంటే చెమట పడుతుంది, తడిస్తే మోయలేరు, తిరిగొచ్చాక హైదరాబాదులో దాన్ని బీరువాలోంచి తీసే రోజే రాదు. 18,000ని తొమ్మిది రోజులకు పంచి చూడండి, రోజుకు 2,000 పడుతుంది, ఆ డబ్బుకి మీరిద్దరూ అక్కడ శుభ్రంగా భోంచేయొచ్చు. పైగా ఒక్కో బట్ట ధర 2,500 దాటితే జీఎస్టీ 18 శాతం, లోపైతే 5 శాతమే, 2025 సెప్టెంబరు 22 నుంచి ఇదే లెక్క. అంటే ఆ 18,000లో దాదాపు 2,750 పన్నే.

ఇక ఈఎంఐ సంగతి. కార్డు కంపెనీ ఏడాదికి 16 శాతం వడ్డీ వేసిందనుకుందాం. 1,10,000కి నెలకు దాదాపు 9,980 చొప్పున పన్నెండు నెలలు కట్టాలి. వడ్డీయే 9,765 అవుతుంది, ఆ వడ్డీ మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ, అది ఇంకో 1,750, ప్రాసెసింగ్ ఫీజు వేరే. నో కాస్ట్ ఈఎంఐ అని చెప్పినా వడ్డీ మీద జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు చాలాసార్లు మన నెత్తినే పడతాయి, స్టేట్‌మెంట్ జాగ్రత్తగా చూస్తే కనిపిస్తాయి. ఏదో ఒక నెల కిస్తీ తప్పిందా, కార్డు వడ్డీ నెలకు మూడు, మూడున్నర శాతం దాకా ఉంటుంది, అప్పుడు ఆ కోటు ఎంతకు కొన్నట్టో మీకే తెలియదు.

ఆర్‌డీ అయితే అసలు ముట్టుకోకండి. ముందే బ్రేక్ చేస్తే చాలా బ్యాంకులు ఒక శాతం దాకా వడ్డీ కోస్తాయి, పోయేది చిన్న మొత్తమే, నాకు దాని గురించి బెంగ లేదు. జూన్‌లో స్కూలువాళ్లు ఫీజు అడిగినప్పుడు మీ దగ్గర ఆ 90,000 ఉండవు, అప్పుడు పర్సనల్ లోన్‌కి పరిగెత్తుతారు, అదీ నా టెన్షన్. బాబు ఫీజు డబ్బుతో బూట్లు కొనుక్కుని థేమ్స్ ఒడ్డున ఫొటో దిగినా మనసొప్పదు లెండి.

పన్ను వెనక్కి ఇస్తారన్న మాట ఇప్పుడు లండన్‌కి వర్తించదు. టూరిస్టులు షాపుల్లో కొని తమతో తెచ్చుకునే వస్తువుల మీద వ్యాట్ వాపసు ఇచ్చే పద్ధతిని బ్రిటన్ 2021 జనవరి 1 నుంచి ఆపేసింది. పెద్దవాళ్ల బట్టల మీద అక్కడ 20 శాతం వ్యాట్ ఉంటుంది, అది మీరు కట్టాల్సిందే. ఫ్రాన్సులో ఇంకా వాపసు ఇస్తున్నారు, ఒకే షాపులో 100 యూరోలు దాటి కొంటే. మీరు పారిస్ వెళ్లట్లేదు కాబట్టి దాన్ని వదిలేద్దాం. చిన్నపిల్లల బట్టల మీద మాత్రం బ్రిటన్‌లో వ్యాట్ లేదు, బాబుకి ఏదైనా తేవాలనిపిస్తే అది అక్కడే కొనండి.

సరే, మరి ఏం కొనాలి? చల్లటి ఊళ్లో తిరిగేటప్పుడు ఫొటోల్లో కనిపించేవి మూడే, పైన వేసుకున్న జాకెట్, మెడలో స్కార్ఫ్, కాళ్లకు బూట్లు. లోపల వేసుకున్న పది రకాల టాపుల్నీ జాకెట్ మింగేస్తుంది. అందుకని మీ డబ్బంతా పైన కనిపించే దాని మీదా, కాలికి వేసుకునే దాని మీదా పెట్టండి. మిగతాది ఇంట్లో బీరువాలోంచే రావాలి.

జాకెట్ విషయంలో ఉన్నితో పని లేదు, హుడ్ ఉండి నీళ్లు ఆగే పల్చటి రెయిన్ జాకెట్ చాలు, కాస్త పొడుగ్గా, నడుము దాటేలా ఉన్నది చూడండి. వానాకాలం కదా, జూన్, జులైలో ఇక్కడి స్పోర్ట్స్ షాపుల్లో ఇవి కుప్పలుగా ఉంటాయి, ఇప్పుడు కొంటే సైజు, రంగు చూసుకుని కొనొచ్చు. 2,500 లోపే దొరికితే పన్ను కూడా 5 శాతం దగ్గరే ఆగుతుంది. నేవీ బ్లూ గానీ, ఆలివ్ గానీ తీసుకోండి. తిరిగొచ్చాక మీ ఆయన బండి మీద ఆఫీసుకి వెళ్లేటప్పుడు వానకి వేసుకుంటారు, మీరు డిసెంబరులో వేసుకుంటారు, అలా వాడితే ఏడాదిలోపే దాని ఖరీదు తీరిపోతుంది. గొడుగు మీద ఆధారపడకండి, వెస్ట్‌మినిస్టర్ బ్రిడ్జి మీద గాలి ఒక్కసారి విసిరితే గొడుగు పువ్వులా తిరగబడుతుంది, ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో చువ్వలు విరిగిన గొడుగు పట్టుకుని నిలబడాలి.

జాకెట్ లోపల పల్చటి స్వెటర్ ఒకటి, దాని లోపల మామూలు కాటన్ టాప్. ఇలా పొరలుగా ఎందుకంటే, మీరు ఈస్ట్ హామ్‌లో డిస్ట్రిక్ట్ లైన్ మెట్రో ఎక్కి మైల్ ఎండ్‌లో దిగి ఎదురుగా వచ్చే సెంట్రల్ లైన్‌కి మారతారు, ఆక్స్‌ఫర్డ్ సర్కస్ వెళ్లడానికి అదే సులువు. ఆ సెంట్రల్ లైన్ రైళ్లలో ఏసీ ఉండదు, జనం కిక్కిరిసి ఉంటే ఎండాకాలం సిటీ బస్సే గుర్తొస్తుంది. థర్మల్స్ వేసుకుని ఎక్కారంటే ఉడికిపోతారు, వాటిని రైల్లో విప్పుకోలేరు కూడా. కాబట్టి థర్మల్స్ 8,000 కొట్టేయండి. స్వెటర్ అయితే తీసి బ్యాగులో పడేయొచ్చు.

బూట్ల దగ్గర మాత్రం పిసినారితనం చేయొద్దు, అలాగని లెదర్ బూట్లూ వద్దు. అక్కడ మీరు నడుస్తారు, మామూలుగా కాదు, ఇక్కడ కారు దిగి లిఫ్ట్ ఎక్కే మనం అక్కడ పొద్దున్నుంచి రాత్రి దాకా నడుస్తూనే ఉంటాం. గ్రీనిచ్ అబ్జర్వేటరీ గుట్ట తడి గడ్డి మీద ఎక్కుతారు, మ్యూజియాల్లో రాతి నేల మీద గంటలకొద్దీ నిలబడతారు. కొత్త లెదర్ బూటు రెండో రోజే మడమ దగ్గర కరుస్తుంది, ఆ రోజు సాయంత్రమే ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లో పౌండ్లు పోసి ఇంకో జత కొంటారు, అంటే 19,000 పోయినట్టే. ముదురు రంగు వాకింగ్ షూస్, అడుగున మంచి గ్రిప్ ఉన్నవి, జత 4,500 దాకా పెట్టి జులైలోనే కొనండి, ఆగస్టంతా రోజూ వేసుకుని నడవండి. తెల్ల స్నీకర్లు ఫొటోల్లో బాగుంటాయి, ఒక్క వానకి మట్టి కొట్టుకుంటాయి. రెండో జతకి ఇప్పుడు ఆఫీసుకి వేసుకెళ్తున్నవే చాలు.

మిగతాదంతా మీ బీరువా. మీరు ఆఫీసుకి వెళ్లే మనిషి కాబట్టి నల్ల ప్యాంటు ఒకటి, ముదురు జీన్స్ ఒకటి, రెండు కాటన్ షర్టులు, రెండు మోకాలి పైకి ఉండే కుర్తీలు ఇంట్లో కచ్చితంగా ఉంటాయి. అన్నీ మంచం మీద పరిచి, ఏ టాప్ తీసినా రెండు ప్యాంట్లకీ నప్పేలా ఏరండి, నప్పనిది ఎంత ఇష్టమైనదైనా ఇంట్లోనే వదిలేయండి. స్టైల్ అంటారా, మీ దగ్గర పోచంపల్లి ఇక్కత్ దుపట్టాలు రెండు మూడు ఉండే ఉంటాయి, ప్లెయిన్ నేవీ జాకెట్ మీద ఎర్ర ఇక్కత్ దుపట్టాని స్కార్ఫ్‌లా రెండు చుట్లు చుట్టి చూడండి, లండన్ షాపుల్లో అలాంటిది వెతికినా దొరకదు. రోజుకో దుపట్టా మారిస్తే ఫొటోల్లో రోజుకో డ్రెస్సు వేసినట్టే ఉంటుంది, ఖర్చు సున్నా, బరువు గుప్పెడు. డిన్నర్‌కి నల్ల ప్యాంటు మీద మంగళగిరి కుర్తీ, లేదంటే పల్చటి పట్టుచీర మీద ఫుల్ హ్యాండ్స్ బ్లౌజ్, ఏదైనా దర్జాగా ఉంటుంది. చీర అయితే ఆ రోజు రైలు మానేసి క్యాబ్‌లో వెళ్లండి, ఆ ఖర్చు ముందే రాసుకోండి.

మీ ఆయన బ్లేజర్ సంగతి. పెళ్లి రిసెప్షన్‌కి కుట్టించిన సూటు ఉండే ఉంటుంది, నడుము దగ్గర పట్టట్లేదని కవర్లో వేలాడుతూ ఉంటుంది. దాని కోటు తీసుకుని టైలర్ దగ్గరికి వెళ్లి లూజ్ చేయించండి, లోపల గుడ్డ వదిలే ఉంచుతారు. 16,000 బదులు కొన్ని వందలతో పోతుంది. దాన్ని జీన్స్ మీద వేసుకుంటే చాలు, ప్రయాణంలో ఒంటి మీదే వేసుకుంటే సూట్‌కేసులో చోటూ మిగులుతుంది.

ఇంకోటి మర్చిపోతున్నారు, మీరు ఉండేది హోటల్లో కాదు, తమ్ముడి ఇంట్లో. అక్కడ వాషింగ్ మెషీన్ ఉంటుంది. తొమ్మిది రోజులకి తొమ్మిది జతలు అక్కర్లేదు, మనిషికి నాలుగు టాపులు చాలు, మధ్యలో ఒకసారి ఉతుక్కోవచ్చు. మరదలిని అడగడానికి మొహమాటపడకండి, అదనంగా ఒక కోటు, ఒక గొడుగు ఆ ఇంట్లో తప్పకుండా ఉంటాయి. ఒక్కసారిగా చలి పెరిగినా అవి అక్కరకొస్తాయి, కాదంటే ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లో ప్రైమార్క్ ఉంది, స్వెటర్లు చవగ్గా దొరుకుతాయి.

నా లెక్క ఇది. రెయిన్ జాకెట్లు రెండు 5,000, షూస్ రెండు జతలు 9,000, పల్చటి స్వెటర్లు రెండు 3,000, సాక్సులు, లోపలి బట్టలు 1,500, టైలరు, డ్రై క్లీనింగ్ 1,500, అన్నీ కలిపి 20,000. అక్కడ అవసరం పడితే వాడుకోవడానికి ఇంకో 8,000 పక్కన ఉంచండి. మొత్తం 28,000. ఈఎంఐ నెలకు 9,980 కట్టగలమని అనుకున్నారు కదా, అదే డబ్బు ఇప్పటి నుంచి మూడు నెలలు వేరే ఖాతాలో వేయండి, 29,940 అవుతుంది. పన్నెండు నెలలు కాదు, మూడు నెలలతో అయిపోతుంది, వెళ్లే రోజుకి రూపాయి అప్పుండదు. ఆషాఢం డిస్కౌంట్లు కూడా ఈలోపే వస్తాయి, వాటిలో సాక్సులూ స్వెటర్లూ చూసుకోండి, చీరల కౌంటర్ వైపు మాత్రం తిరగకండి.

అక్కడ కార్డు గీకేటప్పుడు మెషీన్ రూపాయల్లోనా, పౌండ్లలోనా అని అడిగితే పౌండ్లే నొక్కండి. రూపాయలు నొక్కితే షాపు వైపు బ్యాంకు తన సొంత రేటు వేసుకుంటుంది, అది దాదాపు ఎప్పుడూ మనకి నష్టమే. మీ కార్డుకి ఫారెక్స్ మార్కప్, అంటే విదేశీ కరెన్సీ ఖర్చు మీద బ్యాంకు అదనంగా వేసే చార్జీ, ఎంతో ముందే కనుక్కోండి, 3.5 శాతం ఉంటే జీఎస్టీతో కలిపి 4.13 అవుతుంది, 20,000 ఖర్చు మీద 826 రూపాయలు ఊరికే పోతాయి. మార్కప్ లేని కార్డులు ఉన్నాయి, పౌండ్లు లోడ్ చేసుకునే ఫారెక్స్ కార్డు కూడా ఉంది, ఏదో ఒకటి చూసుకోండి. ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో సామాను ఆలస్యమైతే ఏమిస్తారో చదవండి, అలాంటప్పుడు కొన్న వాటికి బిల్లులు అడుగుతారు. ఎందుకైనా మంచిది, ఒక సూట్‌కేసులో మీవి, ఇంకోదాంట్లో ఆయనవి అని కాకుండా రెండింట్లోనూ ఇద్దరివీ కలిపి సర్దండి, క్యాబిన్ బ్యాగులో ఒక జత ఉంచండి.

చివరిగా ఆ 18,000 సూట్‌కేసు. అది బట్టల కోసం కాదని నాకు తెలుసు, తమ్ముడికి ఆవకాయ, గోంగూర, కందిపొడి, చెక్కలు, అమ్మ పంపేవన్నీ అందులో పట్టాలి. ఇంట్లో ఉన్న పాత సూట్‌కేసు చక్రాలు బాగుంటే అదే చాలు. నా లిస్టు ప్రకారం సర్దితే బట్టలన్నీ కలిపినా ఒక్క పెట్టెకి సరిపడేంతే, రెండు పెట్టెల్లోనూ మిగిలిన చోటంతా పచ్చళ్లకే ఇచ్చేయండి. ఇంట్లోనే తూకం వేసుకుని వెళ్లండి, కౌంటర్ దగ్గర అదనపు బరువుకి కట్టేదాని కంటే ముందే ఆన్‌లైన్‌లో కొనుక్కుంటే చాలా ఎయిర్‌లైన్స్‌లో చవక. నెయ్యి, పాలకోవా, చికెన్ పచ్చడి మాత్రం పెట్టకండి, మన దేశం నుంచి పాల పదార్థాలు, మాంసం తీసుకెళ్లడం అక్కడ నిషేధం, పట్టుకుంటే పారేస్తారు.