కొండదారి ఎంచుకునే ముందు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

వానలు తెరిపిచ్చాక నాలుగైదు ఫోర్‌బైఫోర్ (నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందే) బండ్లతో కొండల్లోకి వెళ్దామనుకునే బృందాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి ఈసారి జవాబులు. చాలామంది అడిగింది ఒకటే: ఏ దారి మంచిది? మన తిరుపతి, చిత్తూరు కొండల్లో ఆ ప్రశ్నకు జవాబు బండి కొలతలతో మొదలవదు, భూమి ఎవరిదన్న దగ్గర మొదలవుతుంది.

ప్రశ్న: మాది ఐదు బండ్ల బృందం. శాటిలైట్ మ్యాపులో తలకోన, మామండూరు వైపు అడవిలో మట్టిదారులు చక్కగా కనిపిస్తున్నాయి. గేటు లేని చోట నుంచి లోపలికి వెళ్లొచ్చా? (తిరుపతి)

వెళ్లకూడదు. ఆ దారులు అటవీశాఖ గస్తీకి, వేసవిలో మంటలు పాకకుండా ఆపడానికి వేసుకున్నవి. గేటు లేనంత మాత్రాన అనుమతి ఉన్నట్టు కాదు. శేషాచలంలో పెద్ద భాగం 1989 నుంచి శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కు. 2010లో శేషాచలాన్ని బయోస్ఫియర్ రిజర్వుగా కూడా ప్రకటించారు. జాతీయ పార్కులోకి అనుమతి లేకుండా పోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. పార్కు హద్దు బయటున్న రిజర్వు ఫారెస్టుకు 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం వర్తిస్తుంది. కేసు మనుషుల మీదే కాదు, బండ్లు కూడా సీజవుతాయి. పైగా ఇది ఎర్రచందనం పెరిగే అడవి. వెనక సీట్లు మడిచి, తాళ్లు, పారలు వేసుకుని వరసగా వచ్చే ఐదు బండ్లను చూసి సిబ్బంది ఏమనుకుంటారో ఊహించుకోండి. తలకోన చూడాలంటే అందరూ వెళ్లే రోడ్డున, టికెట్టు తీసుకుని వెళ్లండి.

మీకు కావలసింది రెవెన్యూ భూమిలో ఉన్న పాత బండిదారి. పలమనేరు, పుంగనూరు, రామకుప్పం వైపు గుట్టల మధ్య ఊరికీ ఊరికీ ఇలాంటి దారులున్నాయి. వాటిలో కొన్ని రిజర్వు ఫారెస్టు అంచునే పోతాయి కాబట్టి చూసి తేల్చుకోవాలి. గ్రామ సచివాలయంలో సర్వేయరును కలిసి గ్రామపటంలో, ఎఫ్ఎంబీలో (పొలాల కొలతల పుస్తకంలో) ఆ దారి ‘రస్తా పోరంబోకు’గా, అంటే దారికి వదిలిన ప్రభుత్వ భూమిగా ఉందో లేదో చూడమనండి. ఉంటే దారి అందరిదీ. పట్టా భూమిలోంచి పోతుంటే యజమానిని అడగాలి. డీకేటీ భూమి (ప్రభుత్వం పేదలకు సాగుకిచ్చినది) అయితే దాన్ని సాగు చేసుకుంటున్న కుటుంబాన్ని అడగాలి. నోటిమాటగా సరేనన్నా తేదీ, బండ్ల సంఖ్య ముందే చెప్పండి. ఒక బండి పోవడానికి ఒప్పుకున్న రైతు, ఐదు బండ్లు చేలగట్టు తొక్కితే ఊరుకోడు, ఊరుకోనక్కర్లేదు కూడా. చెరువుకట్ట మీద మాత్రం ఎవరు ఒప్పుకున్నా బండి ఎక్కించకండి. రెండు టన్నుల బండి నానిన కట్ట మీద గాడి వేస్తే తర్వాతి వానకు నీళ్లు ఆ గాడి వెంటే కోసుకుపోతాయి.

ప్రశ్న: వెళ్లకముందే దారి ఎంత ఏటవాలుగా ఉందో తెలుసుకునే వీలుందా? (పలమనేరు)

ఉంది. సర్వే ఆఫ్ ఇండియా వాళ్ల 1:50,000 టోపోషీట్లు (ఎత్తుపల్లాలు చూపే పటాలు) ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. పాత నంబర్లలో తిరుపతి ప్రాంతం 57 ఓ లోకి, పలమనేరు 57 కె లోకి, కుప్పం 57 ఎల్ లోకి వస్తాయి. ఈ పటంలో ఒక సెంటీమీటరు నేల మీద 500 మీటర్లు. ఒకే ఎత్తున్న చోట్లను కలిపే ఎత్తు గీతల్లో, గీతకూ గీతకూ మధ్య తేడా 20 మీటర్లు. మీ దారి ఒక సెంటీమీటరులో ఐదు గీతలు దాటితే 500 మీటర్లకు 100 మీటర్లు ఎక్కుతున్నట్టు, అంటే సగటున 11 డిగ్రీలు. అదే పది గీతలు దాటితే 22 డిగ్రీలు. ఇది సగటు మాత్రమే. 22 డిగ్రీల సగటున్న చోట మధ్యలో 30 డిగ్రీల మెట్టు ఒకటి ఉండి తీరుతుందనుకోండి. కొత్తవాళ్లున్న బృందానికి సెంటీమీటరుకు ఐదారు గీతలు చాలు.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. ఎత్తు గీతల వెంబడే సాగే దారి పటంలో చదునుగా, తేలిగ్గా కనిపిస్తుంది. నేల మీద అది కొండ పక్కను చెక్కి వేసిన దారి. ఒకవైపు గోడ, ఇంకోవైపు లోయ. బయటి అంచు వానకు కోసుకుపోయి ఉంటుంది, బండి పక్కకు వాలుతుంది, మళ్లించుకునే చోటు ఉండదు. పక్కకు పొర్లే ప్రమాదం అక్కడే ఎక్కువ. నేరుగా ఎక్కి నేరుగా దిగే దారి చూడ్డానికి భయపెట్టినా దానికంటే మేలు.

పటం చూశాక మోటారు సైకిలు మీదో నడిచో దారిని చూసి రావాలి. ఈ పని వదిలేసి బండ్లు కదిలించడం మేం ఎవరికీ సిఫారసు చేయం. చేతిలో ఒక కర్ర ఉంచుకోండి. మీ బృందంలో అన్నిటికంటే కిందికున్న బండి డిఫరెన్షియల్ (ఇరుసు మధ్యలో ఉండే గేర్ల పెట్టె) అడుగు నేలకు ఎంత ఎత్తులో ఉందో, మనుషులూ సామానూ ఎక్కాక కొలిచి, ఆ ఎత్తుకు కర్ర మీద గీత పెట్టండి. కంపెనీ చెప్పే గ్రౌండ్ క్లియరెన్స్ (జిమ్నీకి 210 మి.మీ., మూడు తలుపుల థార్‌కు 226) ఖాళీ బండిది. టైర్లలో గాలి తగ్గించి, నలుగురు ఎక్కితే అది తగ్గుతుంది. దారిలో చక్రాల గాళ్ల మధ్య మిట్ట గీతను దాటిన ప్రతిచోటా ఆ బండి పొట్ట ఆనుకుంటుంది. అలాంటివి రెండు మూడుంటే రాళ్లు పేర్చి దాటొచ్చు. వంద మీటర్ల పొడవునా అలాగే ఉంటే ఆ దారి మీది కాదు.

ప్రశ్న: మా దగ్గర రెండు థార్‌లు, ఒక జిమ్నీ, ఒక ఫార్చ్యూనర్, ఒక టూవీల్ డ్రైవ్ స్కార్పియో ఉన్నాయి. అందరం కలిసి పోగలిగే దారిని ఎలా నిర్ణయించాలి? (మదనపల్లె)

స్కార్పియోను తారురోడ్డు దగ్గర వదిలి, అందులోవాళ్లను మిగతా బండ్లలో సర్దండి. ‘బాగా నడుపుతాడులే’ అని తీసుకెళ్తే రోజంతా దాన్ని లాగడంతోనే సరిపోతుంది.

మిగిలిన నాలుగు బండ్లకూ దారి ఒకటే అయినా కష్టం వేరు. జిమ్నీకి ముందూ వెనకా రెండూ గట్టి యాక్సిళ్లు (రెండు చక్రాలనూ కలిపే ఒకే ఇరుసు). చక్రం రాయి ఎక్కితే డిఫరెన్షియల్ కూడా దానితో లేస్తుంది. థార్‌కు ముందు ఇండిపెండెంట్ సస్పెన్షన్ (ఒక్కో చక్రం విడిగా కదిలేది), వెనక గట్టి యాక్సిల్. ఫార్చ్యూనర్‌కూ అంతే, కానీ పొడవు, బరువు ఎక్కువ. మిట్ట మీద ముందు చక్రాలు దాటాక దాని నడుం భాగం ఆనుతుంది. వెడల్పులో జిమ్నీ 1,645 మి.మీ. మాత్రమే కాబట్టి ముళ్లకంపల మధ్య అది దూరిన సందులో ఫార్చ్యూనర్ అద్దాలు గీసుకుపోతాయి. అందుకని వెడల్పునూ మలుపులనూ ఫార్చ్యూనర్‌కు సరిపోయేలా చూడండి. నీళ్ల లోతును, గాడి లోతును జిమ్నీకి సరిపోయేలా చూడండి. నిటారు ఎక్కుడు మాత్రం బండిని బట్టి కాదు, అందరికంటే కొత్త డ్రైవరును బట్టి. అతను ఎక్కలేక ఆగిపోతే వెనక్కి నేరుగా దిగి రాగలడా? ఈ ఒక్క ప్రశ్నతోనే చాలా దారులు జాబితాలోంచి పోతాయి, పోవాలి కూడా.

వెనక్కి దిగడం ఇంటి దగ్గరే నేర్పించండి. ఎక్కుడులో బండి ఆగిపోగానే కాలిబ్రేకు గట్టిగా తొక్కి పట్టాలి. ఫోర్ లోలో (నాలుగు చక్రాలకూ తక్కువ వేగంతో ఎక్కువ పట్టు ఇచ్చే గేరు వరసలో) రివర్సు గేరు వేసి, స్టీరింగు నిటారుగా ఉందో లేదో చూసుకుని, క్లచ్ పూర్తిగా వదిలి ఇంజను పట్టుమీదే దిగాలి. న్యూట్రల్‌లో గానీ క్లచ్ తొక్కి గానీ దిగకూడదు. అన్నిటికంటే ముఖ్యం, ఎక్కుడు మధ్యలో బండిని అడ్డం తిప్పే ప్రయత్నం చేయకూడదు. అడ్డం తిరిగిన బండి సామానుతో పైబరువెక్కి సులువుగా పొర్లుతుంది.

వరస ఇలా పెట్టండి: దారి తెలిసినవాళ్లు ముందు, కొత్త డ్రైవరు రెండో బండి, బరువు బండి మూడోది, అనుభవం ఉన్న ఇంకొకరు చివర. తాడు ముందు బండిలోనూ చివరి బండిలోనూ ఉండాలి. ఎక్కుడు మీద ఒకేసారి ఒకే బండి. పైకి చేరి ‘దాటాను’ అన్నాకే రెండోది కదలాలి. చీలిక వచ్చిన ప్రతిచోటా వెనక బండి కనిపించేదాకా ఆగాలి. కోనల్లో ఫోన్లు పనిచేయవు, వాకీటాకీలు కావాలి. లైసెన్సు అక్కర్లేని 446 మెగాహెర్ట్జ్ తక్కువ పవరువి, ఈటీఏ అనుమతి (వైర్‌లెస్ పరికరాలకు ప్రభుత్వం ఇచ్చే ఆమోదం) ఉన్నవి కొనండి.

నాలుగు బండ్లతో కొండదారిలో గంటకు ఎనిమిది, పది కిలోమీటర్లకు మించి లెక్కవేయకండి. ఒక బండి ఇరుక్కుంటే అరగంట పోతుంది. రోజుకు ఇరవై కిలోమీటర్ల దారి చాలు. మధ్యలో బండ్లన్నీ మళ్లించుకోగలిగిన చోటు ఒకటి గుర్తు పెట్టుకుని, ‘ఒంటిగంటకల్లా ఇక్కడికి చేరకపోతే వెనక్కే’ అని బయల్దేరేముందే అందరితో ఒప్పించండి.

ప్రశ్న: నగరి, నాగలాపురం వైపు దారుల్లో టైర్లు పక్కల చీలుతున్నాయి. గాలి తగ్గించడం వల్లేనా? (పుత్తూరు)

కొంతవరకు అవును. అసలు కారణం రాయి. ఆ కొండలది క్వార్ట్‌జైట్. తిరుమల ఘాట్ రోడ్డులో ఎపార్కియన్ అన్‌కన్ఫార్మిటీ (వేర్వేరు కాలాల రాళ్లు ఒకదానిమీద ఒకటి ఆనే హద్దు) బోర్డు ఉన్న చోట చూస్తే కింద గ్రానైటు, పైన క్వార్ట్‌జైట్ విడివిడిగా కనిపిస్తాయి. క్వార్ట్‌జైట్ పలకలుగా, పదునైన అంచులతో విరుగుతుంది. గాలి తగ్గిస్తే టైరు రాయిని కప్పుకుంటుంది కాబట్టి ట్రెడ్డుకు (నేలకు ఆనే భాగానికి) మేలే, కానీ పక్కభాగం బయటికి ఉబ్బి ఆ అంచులకు దొరుకుతుంది. అందుకని అక్కడ 22 నుంచి 24 పీఎస్ఐ కంటే తగ్గించకండి. రాళ్ల మధ్య సందులోంచి టైరును ఈడ్వడం మానేసి, వీలైతే రాయి తల మీదికే ఎక్కించండి.

పలమనేరు, మదనపల్లె వైపు గ్రానైటు అరిగి గరుసు అవుతుంది. పొడిగా ఉన్నప్పుడు టైరు కింద దొర్లుతుంది. అక్కడ 18 నుంచి 20. ఇసుక ఏట్లో 15, 16. అంతకు తగ్గితే మలుపులో టైరు అంచు రిమ్ము నుంచి ఊడిపోతుంది. ఈ లెక్కలన్నీ టైరు చల్లగా ఉన్నప్పటివి. గాలి తగ్గించిన టైర్లతో గంటకు 30 కిలోమీటర్లు దాటొద్దు.

తారురోడ్డెక్కే ముందు గాలి మళ్లీ నింపాలి. చిన్న కంప్రెసరుతో టైరుకు ఐదు నిమిషాలు పట్టినా ఐదు బండ్లకు 20 టైర్లు, గంటా నలభై నిమిషాలు. చీకటి పడేది అక్కడే. కనీసం రెండు కంప్రెసర్లు తీసుకెళ్లండి. బ్యాటరీకి నేరుగా క్లిప్పులు పెట్టేవి కొనండి, సిగరెట్ సాకెట్టువి ఫ్యూజు కొట్టేస్తాయి. పక్కభాగం చీలితే పంచరు దారం ఆగదు. ప్రతి బండికీ దాని సైజు స్టెప్నీ ఉండాలి.

ప్రశ్న: నవంబరులో వంకలు దాటొచ్చా? థార్ 650 మి.మీ. నీళ్లలో పోతుందంటున్నారు కదా. (శ్రీకాళహస్తి)

ఆ 650 నిలకడ నీటి లెక్క. పారే నీరు 30 సెంటీమీటర్లున్నా వేగంగా ఉంటే చిన్నకారును లేపుతుంది, 60 అయితే చాలా బండ్లను తోసుకుపోతుంది. మనకు ఈశాన్య రుతుపవనాల వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. కొండమీద కురిసిన వాన ఇక్కడ ఎండ కాస్తుండగానే కోనలోకి దిగుతుంది. నీరు ఎర్రగా మారినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా దాటకండి. ఒడ్డునే ఉండిపోండి.

తేటగా, నెమ్మదిగా పారుతుంటే ముందు ఒక మనిషి కర్రతో నడిచి చూడాలి. అతని మోకాలు దాటితే వద్దు. అడుగున రాయి తగిలితే మంచిది, కర్ర దిగబడితే ఊబి ఇసుక. దిగేముందు పది నిమిషాలు ఆగి డిఫరెన్షియళ్లు చల్లారనివ్వండి. వేడిగా ఉన్న హౌసింగు చన్నీళ్లలో పడితే లోపలి గాలి ముడుచుకుని సీళ్లగుండా నీటిని పీల్చుకుంటుంది. ఫోర్ లో రెండో గేరులో ఒకే వేగంతో పోండి, మధ్యలో క్లచ్ తొక్కకండి. నీళ్లలో ఇంజను ఆగితే మళ్లీ స్టార్టు చేయొద్దు. సిలిండరులో నీరుంటే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. ఇంజను రక్షణ కవరు విడిగా తీసుకోకపోతే మామూలు ఇన్సూరెన్సు దీనికి డబ్బివ్వదు. బయటికి లాగి ముందు ఎయిర్ ఫిల్టరు చూడండి. ఇంటికెళ్లాక డిఫరెన్షియల్ ఆయిలు పాలరంగులో ఉంటే వెంటనే మార్పించండి.

ప్రశ్న: లాగడానికి ఎలాంటి తాడు కొనాలి? (చిత్తూరు)

తొమ్మిది మీటర్ల నైలాన్ కైనెటిక్ తాడు, అంటే లాగితే సాగేది. తెగే బలం మీ బరువైన బండి నిండు బరువుకు మూడు రెట్లుండాలి, అంటే థార్‌కు ఏడు టన్నులు, ఫార్చ్యూనర్‌కు అంతకంటే ఎక్కువ. 3.25 టన్నుల ముద్ర ఉన్న బో షాకిళ్లు (తాడును బండికి తగిలించే, పిన్ను బిగించే ఇనప కడియాలు) రెండు. తాడును రేటింగున్న రికవరీ పాయింటుకే (బండిని లాగడానికి బిగించిన కొక్కేనికే) తగిలించాలి. ట్రైలరు బంతికి (బండి వెనక ట్రైలరు తగిలించే గుండుకు) తగిలిస్తే అది విరిగి తూటాలా ఎగురుతుంది, ప్రాణాలు పోతాయి. తాడు పొడవుకు ఒకటిన్నర రెట్లు దూరంలో ఎవరూ ఉండకూడదు. లాగేముందు చక్రాల ముందు మట్టి పారతో తీయండి. చాలాసార్లు తాడు అవసరమే రాదు.

ప్రశ్న: కుప్పం వైపు ఏనుగుల భయం ఉందా? (కుప్పం)

ఉంది. కౌండిన్య అభయారణ్యం చుట్టూ పొలాల్లోకి కూడా వస్తాయి. బాగా తెల్లవారాక బయల్దేరి నాలుగింటికల్లా తారురోడ్డు మీద ఉండండి. దారిలో తడి ఆరని లద్దె కనిపిస్తే అక్కడే మళ్లండి. ఎదురైతే హారన్ కొట్టకుండా మెల్లగా వెనక్కి రండి. సోలార్ కంచె తీగలు ఎక్కడా విప్పకండి.

ప్రశ్న: మాది బీఎస్6 డీజిల్ బండి. వేసవిలో వెళ్తే ప్రత్యేకంగా ఏమన్నా జాగ్రత్త కావాలా? (చంద్రగిరి)

ఎండిన గడ్డి మీద బండి ఆపకండి. ఈ బండ్లలో ఉండే డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టరు) తనలో చేరిన మసిని కాల్చుకునేటప్పుడు లోపలి వేడి 600 డిగ్రీల సెల్సియస్ దాకా పోతుంది. మన కొండల్లో నడుం ఎత్తు పెరిగే బోదగడ్డి మార్చికల్లా పూర్తిగా ఎండిపోయి ఉంటుంది. ఫోర్ లోలో నెమ్మదిగా, ఎక్కువసేపు నడిపితే మసి త్వరగా చేరుతుంది. అందుకని బయల్దేరే ముందురోజు హైవే మీద అరగంట నిలకడగా నడిపి ఫిల్టరు ఖాళీ అయ్యేలా చూడండి. దారిలో ప్రతి గంటకూ గట్టినేల మీద ఆపి, ఇంజను కింద, సైలెన్సరు మీద ఇరుక్కున్న గడ్డిని పొడవాటి కర్రతో తీయండి, చేత్తో కాదు. ప్రతి బండిలోనూ రెండు కిలోల పొడి ఆర్పేసాధనం డ్రైవరు సీటు దగ్గరే బిగించి ఉండాలి, డిక్కీలో సామాను కింద కాదు.