మిక్సీ మోటార్‌కి ఫ్యాన్ రెక్కలు బిగించొచ్చా?

ప్రశ్న: సార్, వంటింట్లో పొగ బయటికి పోవడానికి నేనే ఒక ఎగ్జాస్ట్ ఫ్యాన్ చేద్దామని 12 అంగుళాల రెక్కలు సంపాదించాను. ఇంట్లో పాత మిక్సీ మోటార్ ఒకటి, పాడైన ఫ్రిజ్‌లోంచి పీకిన బుల్లి ఫ్యాన్ మోటార్ ఒకటి పడున్నాయి. మిక్సీది 500 వాట్లు కదా, గాలి బాగా లాగుద్దని నా లెక్క. మా తమ్ముడేమో వద్దంటున్నాడు. ఏది పెట్టమంటారు? కొత్తది కొనాలంటే ఏ రకం కొనాలి?

జవాబు: మీ తమ్ముడి మాట వినండి. మిక్సీ మోటార్ అసలు ఫ్యాన్ పనికి పుట్టింది కాదు, అది తిరిగే భాగాన్ని రాసుకుంటూ కరెంట్ అందించే కార్బన్ బ్రష్‌లున్న యూనివర్సల్ మోటార్, లోడ్ తక్కువుంటే నిమిషానికి పది వేల చుట్లు దాటి తిరుగుతుంది, మీ రెక్కలేమో ఏ 900కో 1400కో చేసినవి. పైగా ఫ్యాన్‌కి ఒక చిత్రమైన లెక్కుంది, స్పీడ్ రెట్టింపు చేస్తే గాలి రెట్టింపే వస్తుంది కానీ దాన్ని తిప్పడానికి పవర్ ఎనిమిదింతలు కావాలి. రెక్కల్ని మొదట్లోంచి పీకే బలం నాలుగింతలవుతుంది. అంటే మీ 500 వాట్లూ ఎక్కువ గాలిగా రావు, గోలగా, వేడిగా, ఒక్కోసారి ఊడొచ్చి గోడకి తగిలే రెక్కగా వస్తాయి. బ్రష్‌లు అరిగిపోవడం, నిప్పురవ్వలు అదనం. మిక్సీ కాసేపు తిప్పి ఆపేసేది, పొయ్యి వెలిగినంతసేపూ తిరిగేది కాదు.

ఫ్రిజ్‌ది ఇంకో రకం. పాత ఫ్రిజ్‌లో మోటార్ అంటున్నారు కాబట్టి చాలావరకు షేడెడ్ పోల్ అయ్యుంటుంది, తిప్పి చూడండి, ఇనప పోల్ (కరెంట్‌కి అయస్కాంతంగా మారే ముక్క) అంచున మందపాటి రాగి రింగు కనబడితే అదే. కెపాసిటర్ (కండెన్సర్) ఉండదు, రెండే వైర్లు. వైర్లు అటూ ఇటూ మార్చినా తిరిగే దిక్కు మారదు (నేను మొదట్లో ఓ మధ్యాహ్నమంతా మార్చి మార్చి చూశాను!). రెక్క ఇరుక్కుపోయినా చప్పున కాలిపోదు, అది దాని మంచి గుణం, కానీ తీసుకున్న కరెంట్‌లో ముప్పాతిక దాకా వేడి కిందే పోతుంది. అరచేయంత రెక్కకి సరే, 12 అంగుళాలకి చాలదు.

మీకు కావాల్సింది కెపాసిటర్ ఎప్పుడూ లైన్లోనే ఉండే, బ్రష్‌లు లేని ఇండక్షన్ మోటార్, షాపులో పీఎస్‌సీ అన్నా కెపాసిటర్ మోటార్ అన్నా ఇస్తారు. ఫ్యాన్ స్టార్టింగ్‌లో పెద్ద బలం అడగదు, పంపులకి వాడే స్టార్టింగ్ కెపాసిటర్, స్విచ్‌ల గొడవ అక్కర్లేదు. 50 హెర్ట్జ్ కరెంట్ మీద 4 పోల్ అయితే 1400 దగ్గర, 6 పోల్ అయితే 900 దగ్గర తిరుగుతుంది. రెక్కల మీద ఏది రాసుంటే అదే తీసుకోండి, రెండింటికీ ఓకే అంటే నేనైతే 900దే కొంటాను, గోల బాగా తగ్గుతుంది. వంటింట్లో జిడ్డు కాబట్టి బాడీ పూర్తిగా మూసున్నది చూడండి. ఇంకోటి, ఇలాంటి మోటార్ తన ఫ్యాన్ గాలికే చల్లబడాలి, రెక్క తీసేసి ఊరికే తిప్పి టెస్ట్ చేస్తూ కూర్చోకండి.

ప్రశ్న: మా సీలింగ్ ఫ్యాన్ స్లో అయింది, బూమ్ అని మోత, తోస్తేనే తిరుగుతోంది. మోటార్ మార్చాలా? బీఎల్‌డీసీ ఫ్యాన్ (ఎలక్ట్రానిక్ బోర్డుతో నడిచే, కరెంట్ తక్కువ తినే రకం) కొనేయమంటున్నారు.

జవాబు: ముందు కరెంట్ ఆపి చేత్తో తిప్పండి, ఫ్రీగా తిరిగితే బేరింగ్ బాగానే ఉన్నట్టు. ఆన్ చేశాక కర్రతో ఎటు తోస్తే అటు తిరిగిందా, కెపాసిటర్ పోయినట్టే దాదాపుగా. సీలింగ్ ఫ్యాన్లకి మామూలుగా 2.5 మైక్రోఫారడ్ ఉంటుంది, పాతదాని మీద ఎంతుంటే అంతే వేయించండి. స్పీడ్ వస్తుందని పెద్దది వేయిస్తే లోపల వైండింగ్ వేడెక్కి కాలుద్ది.

బీఎల్‌డీసీ సంగతి వాడకాన్ని బట్టి. మామూలు ఫ్యాన్ ఫుల్‌లో 75 వాట్లు తింటే బీఎల్‌డీసీ 30తో సరిపెడుతుంది, రోజుకి 15 గంటలు తిరిగితే నెలకి 20 యూనిట్లు మిగులు. రోజుకి గంట తిరిగే గదిలో ఫ్యాన్‌కి పెట్టిన డబ్బు తిరిగి రావడానికి ఏళ్ళు పడుతుంది. స్లోలో పెట్టినప్పుడు తేడా ఇంకా బాగా తెలుస్తుంది, ఎందుకంటే ఇందాకటి ఎనిమిదింతల లెక్క వెనక్కి కూడా పనిచేస్తుంది, స్పీడ్ 20 శాతం తగ్గిస్తే రెక్క అడిగే పవర్ సగమైపోద్ది, మామూలు ఫ్యాన్‌లో రెగ్యులేటర్ తిప్పితే ఆ మిగులంతా మన చేతికి రాదు, కొంత మోటార్‌లోనే వేడిగా పోతుంది. కాకపోతే బీఎల్‌డీసీలో బోర్డు పోతే వైండింగ్ షాపతను ఏం చేయలేడు, బోర్డే మార్చాలి. కొంటే మాత్రం గోడ మీదున్న పాత రెగ్యులేటర్‌ని తీయించి డైరెక్ట్ స్విచ్ పెట్టించండి, దాని గుండా ఇస్తే బోర్డు దెబ్బతినొచ్చు.