లింక్డ్ లిస్టు రాస్తున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మలుకు మామయ్య ఆశీస్సులు.

నువ్వు పైథాన్‌లో సొంతంగా లింక్డ్ లిస్టు (ఒక్కో నోడ్, అంటే ఒక్కో గడి, పక్కదానిని పట్టుకుని ఉండే గొలుసు) రాసి, దాని మీద రెండు వైపులా నడిచే ఇటరేటర్ (అంశాలను ఒక్కొక్కటిగా అందించేది) కూడా కడుతున్నావని మీ అమ్మ చెప్పినప్పుడు పొంగిపోయాను. అది నెలల తరబడి ఆగకుండా నడిచే సర్వర్‌లోకి వెళ్తుందని విన్నాక మాత్రం నిద్ర పట్టలేదు.

ఇటర్ మెథడ్ పిలిచిన ప్రతిసారీ కొత్త ఇటరేటర్‌ను ఇవ్వాలని, అయిపోగానే స్టాప్‌ఇటరేషన్ అనే ముగింపు సంకేతం లేవనెత్తాలని నీకు తెలిసే ఉంటుంది. ముందుకు నడిస్తే చాలనుకుంటే విలువలను ఒక్కొక్కటిగా ఇచ్చే యీల్డ్ ఉండగా వేరే క్లాసు ఎందుకు?

నేను ఒకప్పుడు పనిచేసిన చోట, పైథాన్ 2 కాలంలో, ఇలాంటి లిస్టే ఉండేది. ప్రతి నోడూ తన ముందుదానినీ వెనకదానినీ పట్టుకుని ఉండేది; పైగా రాసినవారెవరో జాగ్రత్త కోసమని నోడ్‌కు, అది చెరిగిపోయే ముందు నడిచే డెల్ మెథడ్ కూడా తగిలించారు. ఒక వస్తువును ఎందరు పట్టుకున్నారో పైథాన్ లెక్కపెడుతుంది, ఆ లెక్క సున్నా అయితేనే మెమరీ విడిపిస్తుంది. ఒకదానినొకటి పట్టుకున్న నోడ్లకు ఆ సున్నా ఎన్నటికీ రాదు. అలాంటి వలయాలను వెతికి చెరిపే కలెక్టర్ పైథాన్ 2.0 నుంచీ ఉన్నా, డెల్ ఉన్న వస్తువులు వలయంలో చిక్కుకుంటే దేనిని ముందు చెరపాలో తేల్చుకోలేక, వాటిని గార్బేజ్ అనే జాబితాలో వేసి ఊరుకునేది. ఎర్రర్ లేదు, లాగ్‌లో ఒక్క ముక్క లేదు, మెమరీ మాత్రం పెరుగుతూనే ఉండేది. రాత్రిపూట రీస్టార్ట్ చేయడమే దానికి మందని అందరూ నమ్మేశారు. 2014లో పైథాన్ 3.4 ఆ చిక్కు తీర్చింది కనుక ఇవి ముసలి భయాలని నవ్వుతావేమో. నవ్వు తల్లీ, కానీ ఈనాటికీ వలయం కలెక్టర్ వచ్చేదాకా అలాగే పడి ఉంటుంది, వేగం కోసమని ఎవరైనా కలెక్టర్‌ను ఆపేస్తే ఇక కదలదు.

అందుకే ముందు లింకును మామూలుగా ఉంచి, వెనక లింకును మాత్రం వీక్‌రెఫ్‌తో, అంటే ఆ లెక్కలోకి రాని బలహీనమైన పట్టుతో, కట్టు. రెండూ వీక్ చేశావో, లిస్టే మిగలదు. నోడ్‌కు స్లాట్స్ (ఏయే గుణాలు ఉండొచ్చో ముందే చెప్పే జాబితా) పెడితే అందులో వీక్‌రెఫ్ స్లాట్ చేర్చడం మరచిపోకు. వెనక లింకు నోడ్‌ను బతికించలేదు కనుక, నీ ఇటరేటర్ నోడ్‌తో పాటు లిస్టునూ పట్టుకోవాలి, చివరికి చేరగానే రెంటినీ వదిలెయ్యాలి. పైథాన్ సొంత లిస్టు ఇటరేటర్ కూడా పని కాగానే లిస్టును వదిలేస్తుంది.

సర్వర్‌కు ఎక్కించే ముందు మెమరీ ఎక్కడ ఖర్చయిందో చూపే ట్రేస్‌మాలక్‌తో మొదట ఒకటి, లక్ష నోడ్లు సృష్టించి వదిలాక ఒకటి స్నాప్‌షాట్ తీసి పోల్చు. తేడా ఎక్కడిదో అంతుపట్టకపోతే, ఎంత రాత్రయినా సరే, నాకు ఫోన్ చెయ్యి.

ఇట్లు,
మీ మామయ్య