ఆట–మాట: ఉత్తరం, దక్షిణం రెండు లీగులు

ప్రశ్న: మా ఫుట్‌బాల్ టోర్నీని రెండు గ్రూపులుగా ఆడిస్తున్నాం. ఒకప్పుడు జర్మనీలో రెండో అంచె లీగు ఇలాగే ఉండేదట కదా? పైకెళ్లే జట్లను ఎలా తేల్చేవారు?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: అవును, కాకపోతే అది పశ్చిమ జర్మనీ మాట. 1963లో అక్కడి అగ్రశ్రేణి లీగు బుండెస్‌లిగా మొదలైనప్పుడు దాని కింద అయిదు ప్రాంతీయ లీగులు ఉండేవి. బాయెర్న్ మ్యూనిక్ అంతటి జట్టు కూడా 1965 దాకా దక్షిణ లీగులోనే ఆడింది! 1974లో ఆ అయిదింటినీ తీసేసి, ఇరవయ్యేసి జట్లతో ఉత్తర, దక్షిణ లీగులు పెట్టారు. పశ్చిమ, బెర్లిన్ జట్లు ఉత్తరంలో చేరాయి, నైరుతి జట్లు దక్షిణంలో.

రెండు లీగుల విజేతలూ నేరుగా పైకి. మూడో చోటు కోసం రెండో స్థానాల జట్లు సొంతగడ్డ మీద ఒకటి, ఎదుటివాళ్ల గడ్డ మీద ఒకటి ఆడాలి. చిక్కంతా ఇక్కడే. 1977లో ఉత్తర లీగు జట్టు బీలెఫెల్డ్ 4–0తో గెలిచింది, తిరుగు మ్యాచ్‌లో దక్షిణ లీగు జట్టు ‘1860 మ్యూనిక్’ (1860 దాని పేరులోదే) కూడా సరిగ్గా 4–0తోనే! తటస్థ వేదికగా ఫ్రాంక్‌ఫర్ట్‌లో మూడో మ్యాచ్ పెడితే ‘1860 మ్యూనిక్’ 2–0తో నెగ్గింది. 1981లో రెండు లీగులనూ కలిపేశారు.

మీరూ మూడో మ్యాచ్‌కు ఒక రోజు, రెండు జట్లకూ చెందని మైదానం ముందే ఖాయం చేసుకోండి. అది కుదరకపోతే పెనాల్టీలని నిబంధనల్లోనే రాయండి. మ్యాచ్ అయ్యాక రాస్తే కొట్లాటే.