ఆల్డిహైడ్ సరే, టోలుయిన్ ఎక్కడిది?

ప్రశ్న: టైటానియా (టైటానియం డయాక్సైడ్ పొడి) మీద బంగారం, పల్లాడియం ఎక్కించిన ఉత్ప్రేరకంతో, 120 డిగ్రీల సెల్సియస్ దగ్గర, వేరే ద్రావణి లేకుండా బెంజైల్ ఆల్కహాల్‌ని ఆక్సిజన్‌తో బెంజాల్డిహైడ్‌గా మారుస్తున్నాం. మారిన ఆల్కహాల్‌లో ఐదో వంతు టోలుయిన్‌గా తేలుతోంది. ఆక్సీకరణంలో టోలుయిన్ ఎలా పుడుతుంది? తగ్గించేదెలా?
– పరిశోధక విద్యార్థిని, వరంగల్

జవాబు: అది ఆక్సీకరణంలో పుట్టింది కాదు. లోహం మీద ఒక ఆల్కహాల్ అణువు హైడ్రోజన్‌ని వదిలేసి ఆల్డిహైడ్ అవుతుంది. ఆ హైడ్రోజన్‌ని ఆక్సిజన్ నీరుగా మార్చి ఊడ్చెయ్యాలి. ఆక్సిజన్ అందకపోతే పక్కనున్న ఇంకో ఆల్కహాల్ అణువు దాన్ని లాక్కుని, తన ఓహెచ్‌ని నీరుగా పోగొట్టుకుని టోలుయిన్ అవుతుంది. మీ లెక్కే తీసుకోండి: 100 మోల్స్ మారితే 20 టోలుయిన్, దానికి జోడీగా 20 ఆల్డిహైడ్. అంటే 40 మోల్స్‌కి ఆక్సిజన్‌తో పనే పడలేదు!

ముందు కలిపే వేగం చూడండి. ఉత్ప్రేరకం రెట్టింపు వేసినా మొదటి అరగంటలో మార్పు రెట్టింపు కాకపోతే, వాయువు ద్రవంలోకి చాలినంత దిగడం లేదన్నమాట. తర్వాత ఆధారం, అంటే లోహాన్ని మోసే పొడి, మార్చండి. బ్రిటన్‌లోని కార్డిఫ్ విశ్వవిద్యాలయ పరిశోధక బృందం టైటానియా బదులు మెగ్నీషియా (మెగ్నీషియం ఆక్సైడ్) వాడితే టోలుయిన్ దాదాపు ఆగిపోయింది.

ఉత్ప్రేరకం తయారీ ఇలా: 1 గ్రాము ఉత్ప్రేరకానికి బంగారం 6.5 మిల్లీగ్రాములు, పల్లాడియం 3.5 ఉండేలా (మోల్స్‌లో సమానం) క్లోరైడ్ లవణాలను నీటిలో కలపండి. పల్లాడియం క్లోరైడ్ ఉత్త నీటిలో సరిగా కరగదు, రెండు చుక్కల హైడ్రోక్లోరిక్ ఆమ్లం కావాలి. లోహ కణాలు ముద్దకట్టకుండా పాలివినైల్ ఆల్కహాల్ 12 మిల్లీగ్రాములు వేసి, లవణాలని లోహంగా మార్చడానికి సోడియం బోరోహైడ్రైడ్ 12.5 మిల్లీగ్రాములు అప్పటికప్పుడు నీటిలో కలిపి పొయ్యండి. లేత పసుపు ముదురు గోధుమ రంగుకి తిరగాలి. బోరోహైడ్రైడ్ ద్రావణం నిలవుంటే నీటితోనే చర్య జరిగి చచ్చిపోతుంది. అరగంట తర్వాత 990 మిల్లీగ్రాముల ఆధారం వెయ్యండి. టైటానియా అయితే సల్ఫ్యూరిక్ ఆమ్లంతో పీహెచ్ 1కి దించాలి. మెగ్నీషియాకి మాత్రం ఆమ్లం ముట్టించొద్దు, ఆధారమే కరిగిపోతుంది. గంటా రెండు గంటల్లో పైనీరు తేటపడాలి. ఇంకా గోధుమ రంగే ఉంటే లోహం ఎక్కలేదు. వడకట్టి, బాగా కడిగి, 120 డిగ్రీల దగ్గర రాత్రంతా ఆరబెట్టండి.

తీసిన నమూనాని ఆ రోజే పరీక్షించండి. ఆల్కహాల్ మిగిలున్నంతవరకు ఆల్డిహైడ్ గాలికి బెంజోయిక్ ఆమ్లం కాకుండా అదే అడ్డుపడుతుంది. ఆల్కహాల్ అయిపోవస్తే ఆమ్లం పెరిగిపోతుంది.

ఒక్కటి మరవొద్దు: 120 డిగ్రీలంటే ఈ ఆల్కహాల్ ఫ్లాష్ పాయింట్ (ఆవిరికి నిప్పు అంటుకోగల కనీస ఉష్ణోగ్రత) దాటినట్టే. పైన స్వచ్ఛమైన ఆక్సిజన్ ఉంది. రక్షణ కవచం లేకుండా రియాక్టర్ దగ్గరికి వెళ్లొద్దు.