వారసుడు అన్న ఒక్క మాటతో సరిపెట్టకు

తమ్ముడూ,

గాజువాక ఎమ్మెల్యే పల్లా శ్రీనివాసరావు గారి మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. భాష బాగుంది, చేయి తిరుగుతోంది. కానీ మొదటి వాక్యంలోనే "రాజకీయ వారసుడు" అనేసి ఆ తర్వాత ఆ మాట జోలికే వెళ్లలేదు, అసలు కథంతా అక్కడే ఉంది కదా.

ఆయన తండ్రి సింహాచలం గారు 1994లో ఎమ్మెల్యేగా గెలిచింది విశాఖ-2 నుంచి. ఆ పేరుతో ఇప్పుడు నియోజకవర్గమే లేదు, 2008 పునర్విభజనలో పోయింది, గాజువాక పుట్టిందీ అప్పుడే. మరి తండ్రి సీటు కొడుక్కి దక్కిందని ఎలా రాస్తాం? ఈయన 2009లో ప్రజారాజ్యం తరఫున విశాఖ ఎంపీగా నిలబడి పురందేశ్వరి గారి చేతిలో ఓడారు (ఆవిడా వారసురాలే, ఎన్టీఆర్ గారి కూతురు), 2014లో టీడీపీ టికెట్ మీద గాజువాకలో గెలిచారు, 2019కి వచ్చేసరికి తిప్పల నాగిరెడ్డి, పవన్ కళ్యాణ్‌ల వెనక మూడో స్థానం. 2024లో 95,235 ఓట్ల మెజారిటీ, రాష్ట్రంలో అదే ఎక్కువ. ఓడిన గుడివాడ అమర్నాథ్ గారి తండ్రి గురునాథరావు గారు కూడా ఎంపీగా చేసినవారే. ఇద్దరికీ ఇంటిపేరు ఉంది, ఒక్కరే గెలిచారు.

మూడో స్థానం నుంచి అంత మెజారిటీకి ఎలా వచ్చారన్నదే నీ వ్యాసం. ఇక్కడ తొందరపడకు. 2019లో టీడీపీ, జనసేన విడివిడిగా పోటీ చేశాయి, 2024లో కలిసి వచ్చాయి. ముందు ఆ రెండు పార్టీల పాత ఓట్లు కూడి చూడు, అప్పుడే ఆయన సొంతంగా తెచ్చుకున్నదెంతో కొంత తెలుస్తుంది. ఆ లెక్క వేయకుండా ఆయన్ని పొగిడినా తిట్టినా చదివేవాళ్లకి అన్యాయమే. ఎన్నికల సంఘం ఫలితాల పత్రం ఫారం 20 తీస్తే బూత్‌వారీగా ఓట్లు దొరుకుతాయి, పెదగంట్యాడ వైపు బూతులు, గాజువాక మెయిన్ రోడ్డు బూతులు పక్కపక్కన పెట్టి చూడు.

తర్వాత 2021. విశాఖ స్టీల్‌ప్లాంట్ అమ్మకానికి కేంద్రం జనవరిలో నిర్ణయం తీసుకుంటే, దానికి వ్యతిరేకంగా ఫిబ్రవరిలో ఈయన ఆమరణ దీక్షకి కూర్చున్నారు, పోలీసులు ఆస్పత్రికి తరలించారు. నువ్వు దానికి ఒక్క లైనే ఇచ్చావు! పదవి లేని మనిషి ఏం చేశాడన్నది పదవిలో చేసినదానికన్నా ఎక్కువ చెబుతుందని నా నమ్మకం. కాకపోతే పార్టీవాళ్ల మాట మీదే రాయొద్దు. ప్లాంటుకి భూమి ఇచ్చి, నిర్వాసితులకిచ్చే ఆర్ కార్డు (పునరావాస కార్డు) పాలిథిన్ కవర్లో దాచుకుని, ఉద్యోగం రాక ఇప్పటికీ తిరుగుతున్న నిర్వాసితుల ఇళ్లకి వెళ్లు. ఆ ఐదేళ్లలో ఎవరు వచ్చారు, ఎవరు ఫోన్ ఎత్తారు, గెలిచాక ఎత్తుతున్నారా అని అడుగు. వాళ్లు విసుక్కుంటే విసుక్కున్నట్టే రాయి.

తండ్రి కాలంలో ఇంటింటికీ ఓటరు స్లిప్పులు పంచిన పాత కార్యకర్తలు ఇంకా ఉంటారు, వాళ్లనీ వెతుకు. కొడుక్కి నిజంగా అందిన ఆస్తి వాళ్లే అని నాకు అనిపిస్తుంది, అయినా వాళ్ల నోట విన్నాకే రాయి. ఎన్నికల అఫిడవిట్లు, అసెంబ్లీలో ఆయన మాట్లాడిన రికార్డు కూడా చూడు, అది మామూలు పనే.

ఈసారి కుటుంబం గురించి ఒక పేరా చాలు, ఓడిన ఐదేళ్లకి సగం వ్యాసం ఇవ్వు. ఫారం 20 చూడటంలో ఇబ్బందైతే ఆదివారం ఇంటికి రా, కలిసి కూర్చుందాం.