తొలి రోజుల్లో అమెరికా ఎలక్టర్లను ఎవరు ఎంపిక చేసేవారు?

అమెరికాలో మొదట్లో ప్రెసిడెంట్ ఎన్నికకు జనం ఓటే వేయలేదట, రాష్ట్రాల శాసనసభలే ఎలక్టర్లను (రాష్ట్రం తరఫున ప్రెసిడెంట్‌కు ఓటేసే ప్రతినిధులను) ఎంపిక చేసేవట, నిజమేనా అని అడిగారు. సగం నిజం. ఎలక్టర్లను ఎలా నియమించుకోవాలో ప్రతి రాష్ట్రంలో అక్కడి శాసనసభే తేల్చాలని రాజ్యాంగం ఒక్క మాటలో వదిలేసింది, దాంతో ఎవరి ఇష్టం వాళ్లది. 1789లో పెన్సిల్వేనియా, మేరీల్యాండ్‌లలో జనమే ఓటేశారు, కనెక్టికట్, సౌత్ కరోలినాలలో శాసనసభలు ఎంపిక చేశాయి. న్యూయార్క్‌లో అయితే రెండు సభలూ పంతానికి పోయి గడువు దాటబెట్టేశాయి, వాషింగ్టన్‌కు అక్కడి నుంచి ఒక్క ఓటూ పడలేదు (ప్రమాణ స్వీకారం మాత్రం న్యూయార్క్ నగరంలోనే చేశాడు!).

నేను సిటిజన్‌షిప్ పరీక్షకు చదివిన పుస్తకంలో ఇవేవీ లేవు. మా అమ్మాయి స్కూల్ ప్రాజెక్టు 1800 ఎన్నిక మీద కావడంతో ఇద్దరం కూర్చుని పాత ఉత్తరాలు చదివాం, అప్పుడు అర్థమైంది అసలు ఆట. ఆ వసంతంలో న్యూయార్క్ శాసనసభ ఎన్నికల్లో జెఫర్సన్ పక్షం గెలిచింది, అక్కడ ఎలక్టర్లను ఎంపిక చేసేది శాసనసభే కాబట్టి ఆ రాష్ట్రం ఎలక్టర్లు 12 మందీ వాళ్లకే. కొత్త సభ ఇంకా కొలువుతీరలేదు. మే 7న ఎదుటి పక్షం నాయకుడు హామిల్టన్ తన పార్టీకే చెందిన గవర్నర్ జాన్ జేకి ఉత్తరం రాశాడు: పాత సభను వెంటనే పిలిపించి, జిల్లాలవారీగా జనమే ఎన్నుకునేలా చట్టం మార్చండి, ఇలాంటి రోజుల్లో మరీ నియమాలు పట్టుకు కూర్చుంటే కుదరదు అని. జే ఆ ఉత్తరం మీదే, ఇది పార్టీ కోసం చేసిన ప్రతిపాదన, నేను చేయడం తగదు అని రాసి పక్కన పెట్టేశాడు. నాకైతే ఆ ఎన్నికలో నచ్చిన మనిషి ఆయనొక్కడే.

ఎందుకంటే మిగతా చోట్ల ఇలాంటి మొహమాటం ఎవరికీ లేదు. 1796లో ఒక్క ఓటు జెఫర్సన్ ప్రత్యర్థి ఆడమ్స్‌కు పోయిందని వర్జీనియా జిల్లాల పద్ధతి తీసేసి, గెలిచినవాళ్లకే అన్నీ అంది, మసాచుసెట్స్ జనం చేతిలోంచి ఎంపికను లాక్కుని శాసనసభకు ఇచ్చుకుంది. మన రాజ్యసభ ఎన్నికలప్పటి క్యాంపు రాజకీయాలు చూసినవాళ్లకు ఇదేం కొత్తగా అనిపించదు.

తర్వాత ఒక్కో రాష్ట్రం జనం ఓటుకు మారింది. 1824కి శాసనసభలే ఎంపిక చేసే రాష్ట్రాలు ఆరు మిగిలాయి, 1832 నుంచి సౌత్ కరోలినా ఒక్కటే, అదీ 1860 దాకా పట్టు వదల్లేదు. చివరిసారి 1876లో కొలరాడో, అప్పుడే కొత్తగా చేరిన రాష్ట్రం కాబట్టి శాసనసభతోనే పని కానిచ్చింది. ఆ రాష్ట్రం మూడు ఓట్లూ ప్రెసిడెంట్ అభ్యర్థి హేస్‌కు పడ్డాయి, ఆయన గెలిచింది 185-184 తేడాతో.